బెంచీ చివర సత్తియ్య

నేను రిటైరైన రోజున పెట్టిన సభలో ఒకాయన నన్ను "ఫిర్యాదుల డాక్టరుగారు" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది. తర్వాత శాలువా కప్పి, ఒక గోడగడియారం చేతిలో పెట్టారు. ఇంటికి తెచ్చేసరికే అది ఆగిపోయింది. దాని గురించి నేను ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. ఇక్కడ రాసిపెడుతున్నాను, అంతే.

పల్లెటూరి ఆరోగ్య కేంద్రాల్లో కొత్తగా చేరే డాక్టర్లు కొందరు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. క్వార్టర్సు వానకి కారుతుందా, మందులు టైముకి వస్తాయా, సర్పంచి ఏ పార్టీ, ఇవీ వాళ్ళ ప్రశ్నలు. అన్నిటికీ నాది ఒకటే జవాబు. ముందు మీ బల్ల ఎక్కడ వేశారో చూసుకోండి, బెంచీ మీద ఆఖర్న కూర్చున్న మనిషి అక్కణ్ణుంచి కనపడుతున్నాడో లేదో చూసుకోండి అంటాను. పెద్దాయనకి చాదస్తం వచ్చిందనుకుని కాఫీ తాగి వెళ్ళిపోతారు. నా ప్రమోషన్ల గురించి మాత్రం ఎవరూ అడగరు. అడిగినా చెప్పడానికి పెద్దగా లేవు. ఎందుకు లేవో కింద తెలుస్తుంది.

దగ్గు అదే, ర్యాంకు మారింది

ఊరి పేరు రాయను. రాస్తే అక్కడి మాజీ సైనికుల సంఘం వాళ్ళు ఖండన పంపిస్తారు, వాళ్ళ ఖండనలు నా దగ్గర ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి. పాలకొల్లు నుంచి కాలవగట్టు వెంట బస్సులో వెళ్తే వచ్చే ఊరు అని మాత్రం చెబుతాను. డెబ్బైల చివర నన్ను అక్కడికి వేశారు. గడపకొక మనిషి మిలటరీకి వెళ్ళిన ఊరు. కొన్ని గడపల్లో తాత, తండ్రి, కొడుకు ముగ్గురూ వెళ్ళారు. రిటైరై వచ్చి, కొబ్బరితోటలో లుంగీ ఎగ్గట్టుకుని కాయలు లెక్కపెట్టుకునే మనిషిని కూడా ఊరు ర్యాంకుతోనే పిలిచేది. మనుషుల పేర్లు శుభలేఖల్లో తప్ప వాడుకలో ఉండేవి కావు.

మొదటి రోజు పొద్దున్న నేను లోపల కూర్చుని ఉంటే, వరండాలో మా కాంపౌండరు అప్పారావు పిలుస్తున్నాడు.

"సుబేదారుగారి అమ్మగారండి, లోపలికి దయచెయ్యండి. నాయబ్ సుబేదారుగారి ఆవిడండి, తర్వాత తమరే."

సుబేదారుగారి అమ్మగారికి రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదట. ఆమె చెప్పేది వింటూనే, బయట ఒక పసిపిల్ల గుక్కపట్టి ఏడవడం కూడా విన్నాను. లేచి గుమ్మం దాకా వెళ్ళాను. ఒక పల్చటి అమ్మాయి ఒళ్ళో పిల్లని పెట్టుకుని బెంచీకి అవతలి సగంలో కూర్చుని ఉంది. పిల్ల ఒళ్ళు పట్టుకుంటే కాలిపోతోంది.

"ఈ పాపని ముందు పంపవయ్యా అప్పారావ్."

"సిపాయిగారి పాపండి అది."

"అయితే?"

"ఇంకా హవల్దార్లు అవలేదండి."

అదీ అక్కడి పద్ధతి. ర్యాంకు మొగుడిదో, కొడుకుదో, ఎవరిదైనా సరే, ఇంట్లో అందరికీ వర్తించేది. అందరికంటే ముందు మాణిక్యమ్మగారు, అంటే సంఘం అధ్యక్షుడైన కెప్టెన్‌గారి అమ్మగారు. ఆయన సుబేదార్ మేజరుగా దిగిపోయే రోజున గౌరవ కెప్టెన్ హోదా ఇచ్చారు. ఊరు అందులో గౌరవం సంగతి మర్చిపోయి కెప్టెన్ ఒక్కటే ఉంచుకుంది. మాణిక్యమ్మగారి తర్వాత సుబేదార్లు, హవల్దార్లు, నాయక్‌లు, సిపాయిలు, ఆ వెనక పటాలంలో తుపాకీ పట్టకుండా వంటా, చాకిరీ చేసి వచ్చినవాళ్ళు. ఒకసారి ఒక ముసలమ్మ కొడుక్కి లాన్స్ నాయక్‌గా ప్రమోషన్ వచ్చిందని ఉత్తరం వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆమె సిపాయిల మధ్య నుంచి లేచి, బెంచీ మీద బాగా ముందుకి జరిగి కూర్చుంది. దగ్గు అదే, ర్యాంకు మారింది.

ఊళ్ళో ఎవరి వీధి ఎక్కడ ఉందో, పటాలంలో ఎవరి ర్యాంకు ఎక్కడ ఆగిందో, రెండూ ఇంచుమించు ఒకేలా ఎందుకు కుదిరాయో నేను విడమర్చి రాయను. మీరూ ఈ దేశంలోనే పుట్టారు.

మిలటరీతో సంబంధం లేని జనం సాయంత్రం పూట వచ్చేవాళ్ళు. కూలివాళ్ళు, బళ్ళు తోలేవాళ్ళు, కొట్లలో పనిచేసేవాళ్ళు. పాపం, క్రమశిక్షణ ఎరగని జనం. వచ్చినవాడు "ఆఖరెవరండీ?" అని అడిగేవాడు. ఎవరో చెయ్యెత్తేవాళ్ళు. వాళ్ళ పక్కన కూర్చునేవాడు. ఒళ్ళు కాలిపోతున్న పిల్ల వస్తే వాళ్ళలో వాళ్ళే "ముందు ఆ పిల్లని తోలండి" అనేవాళ్ళు. ఇంత మొరటు పద్ధతిలో నేనున్నన్నాళ్ళూ ఒక్క గొడవా రాలేదు.

కంచరగాడిదల పటాలం

పొద్దుటి బెంచీకి ఆ చివర, కాలవ వైపు కిటికీ పక్కన కూర్చునేవాడు సత్తియ్య. ఊళ్ళో బతికున్న మిలటరీవాళ్ళలో వయసుకి అతనే అందరికంటే పెద్ద. పెద్ద యుద్ధంలో బర్మా కొండల్లో కంచరగాడిదల వెంట నడిచాడు. తూటాల పెట్టెలు, బియ్యం బస్తాలు పైకి మొయ్యడం, గాయపడ్డవాళ్ళని కిందికి దించడం అతని పని. సంఘం లెక్కలో తుపాకీ పట్టినవాడు సైనికుడు, గాడిద తాడు పట్టినవాడు సైనికుడి సామాను. అందుకని వంటవాళ్ళకి కూడా వెనక సత్తియ్య. అతని వెనక గోడ.

అతని వంతు వచ్చేసరికి నా మిగతా పని అయిపోయేది. ఒకరోజు అడిగాను.

"ఏం సత్తియ్యా, ఎప్పుడూ ఆఖరేనా?"

"ఆయ్. మా గాడిదలు ఎప్పుడూ ఎనకేనండి. ముందు పటాలం, ఆ ఎనక మేం. అలవాటైపోయిందండి."

"నీ మనవల ఈడువాళ్ళు కూడా నీకంటే ముందు లోపలికి వస్తుంటే ఏమీ అనిపించదా?"

"ముందొచ్చినోళ్ళని తమరు బేగా తోలేత్తారండి. ఆఖరోడితో అయితే తీరిగ్గా మాటాడతారు. పైగా ఆ సివర కిటికీ ఉందండి. కాలవ గాలి ఎంత బాగుంటాదనుకున్నారు!"

తీరిగ్గా మాట్లాడతానన్నది నిజమే. అతను చెప్పే కబుర్ల కోసం నేను మధ్యాహ్నం భోజనం ఆలస్యం చేసుకునేవాణ్ణి. ఒక కబురు ఇక్కడ రాయాలి.

"దెబ్బలు తగిలినోళ్ళని దింపాలంటే గాడిదకి సెరోపక్కా కుర్సీలాంటిది కట్టేవోళ్ళమండి. ఇటొకడు, అటొకడు. బరువు సమంగా ఉండాలండి, లేపోతే గాడిద లోయలోకి పోద్ది. బక్కోడైతే పక్కన రాళ్ళు కట్టేవోళ్ళం. ఓ పాలి ఇంగిలీసు మేజరుగారికి కాలికి తగిలిందండి. మనిషి ఇంత లావు. ఆయనకి సరితూగేవోడు మా వంటోడొక్కడే. ఆడికీ పొట్టలో తగిలింది. ఇద్దర్నీ సెరోపక్కా ఏలాడేసి తోలుకొచ్చేసేనండి."

"వంటవాడి పక్కన వేలాడదీస్తే మేజరు ఊరుకున్నాడా?"

"ఊరుకోలేదండి. దారంతా మూలిగేడు. వంటోడూ మూలిగేడు. రెండు మూలుగులూ ఒక్కలాగే ఉన్నాయండి."

ఆ కొండల్లోనే ఒక గాడిద జారిపోతుంటే సత్తియ్య తాడు వదలకుండా లాగిపట్టుకున్నాడట. గాడిద బతికింది. సత్తియ్యకి గజ్జల్లో హెర్నియా మిగిలింది. పేగు కిందికి జారకుండా పాత జీను పట్టీ ముక్కని నడుముకి బిగించి కట్టుకునేవాడు. అలా కట్టుకునే పొలం పనులు చేశాడు, కూతురు వెంకాయమ్మకి పెళ్ళి చేశాడు, అల్లుడు పోతే ఆమెని ఇంటికి తెచ్చుకున్నాడు. ఆపరేషన్ చేయించుకోమని నేను చెబుతూనే ఉన్నాను. "ఈ వయసులో నన్ను కోసి ఏం సూత్తారండి" అని నవ్వేసేవాడు.

"సరే, ఒకటి గుర్తుపెట్టుకో. అది గట్టిపడి లోపలికి పోకపోయినా, నొప్పి పట్టి వాంతులైనా, ఒక్క క్షణం ఆగొద్దు. లైనూ లేదు, గీనూ లేదు. సరాసరి నా గదిలోకి వచ్చెయ్."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు.

కొత్త డాక్టర్లకి ఒక మాట. మా గోదావరి జిల్లాల్లో రోగి "ఆయ్" అంటే మీరు చెప్పింది విన్నానని. చేస్తానని కాదు. ఇది మెడికల్ కాలేజీలో చెప్పరు.

చెక్క టోకెన్లు

జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న ఆ పాప సంగతి నాకు మింగుడుపడలేదు. ఊరి వడ్రంగి చేత చిన్న చిన్న చెక్కబిళ్ళలు కోయించి, వాటి మీద అంకెలు వేయించాను. ముందు వచ్చినవాళ్ళకి ముందు అంకె, ప్రాణం మీదికి వచ్చినవాళ్ళకి అంకెతో పని లేదు. ఈ మాత్రం ఆలోచనకి నాకు సన్మానం చేస్తారని అనుకోలేదు గానీ, శిక్ష వేస్తారని కూడా అనుకోలేదు.

మొదటి రోజున మాణిక్యమ్మగారికి ఒక సిపాయి అత్తగారి వెనక అంకె వచ్చింది. చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు ఆ బిళ్ళని రెండు వేళ్ళతో పట్టుకుని కాసేపు కూర్చుని, దాన్ని బెంచీ మీద వదిలేసి ఇంటికి వెళ్ళిపోయారు. ఆవిడ ఇల్లు చేరినంత సేపు కూడా పట్టలేదు, కెప్టెన్‌గారు వచ్చేశారు. ఇస్త్రీ చొక్కా, కోరమీసం, చేతిలో పొట్టి కర్ర.

"డాక్టరుగారూ, తమరు చదువుకునే రోజుల్లో ఎన్.సి.సి. అయినా చేశారాండి?"

"లేదండి. వైద్యం చదివాను."

"అదేనండి లోపం. క్రమశిక్షణ లేనిచోట మందు పనిచెయ్యదండి."

"జ్వరానికి ర్యాంకులు తెలియవు కదండీ కెప్టెన్‌గారూ."

"తెలియకపోతే తెలియజెయ్యాలండి."

ఆయన అంతటితో ఆగలేదు.

"ఈ ఆసుపత్రికి స్థలం ఇచ్చింది మా సంఘం అండి. సున్నం కూడా మేమే వేయిస్తున్నాం. మా తాతల నాటి నుంచి వస్తున్న పద్ధతిని తమరు వచ్చి చెక్కముక్కలతో మారుస్తానంటే ఎలాగండి? రేపు మా సుబేదారు ఇంటావిడ గాడిదలోడి పక్కన కూర్చోవాలాండి?"

"కూర్చుంటే హెర్నియా అంటుకోదండి."

ఈ మాట అనకూడదని అప్పారావు నాకు కళ్ళతో సైగ చేశాడు. అన్నందుకు నేను ఇప్పటికీ సంతోషిస్తున్నాను.

సంఘం వాళ్ళు పైకి ఫిర్యాదు పంపారు. చూశారా, నన్ను ఫిర్యాదుల డాక్టరన్నారు గానీ మొదటి ఫిర్యాదు వాళ్ళదే. విచారణకి మా పైఅధికారి ఒకాయన జీపులో దిగారు. ఆసుపత్రికి ముందు కెప్టెన్‌గారింటికి వెళ్ళారు. చందువా వేపుడు, పీతల ఇగురు, పనసపొట్టు కూర, మీగడ పెరుగు. విచారణ చాలా లోతుగా సాగిందని పక్కింటివాళ్ళు చెప్పారు. మూడు ముప్పావుకి త్రేన్చుకుంటూ నా గదిలోకి వచ్చి, కుర్చీలో జారగిలబడి, ఒక్క ప్రశ్న వేశారు.

"పెద్దవాళ్ళతో ఎందుకయ్యా నీకు?"

తర్వాత మెమో వచ్చింది. స్థానిక సంప్రదాయాలను గౌరవిస్తూ వైద్యసేవలు అందించవలసిందని. నేను దానికి జవాబు రాశాను. ఆ జవాబుకి సంజాయిషీ అడిగారు. సంజాయిషీగా నేను రాసినదానికి ఇంక్రిమెంటు ఆపారు. పనిలో పనిగా ఇంకొకటి కూడా రాశాను. నా గది గోడ అడ్డం ఉండటం వల్ల బెంచీ మీద ఎవరున్నారో నాకు కనపడటం లేదు, బల్లని వరండాలోకి జరుపుకోవడానికి అనుమతి ఇవ్వండి అని. మంజూరైన నమూనాలో మార్పులు కుదరవన్నారు. మళ్ళీ రాశాను. మళ్ళీ కుదరవన్నారు. చెక్కబిళ్ళలు సిరంజీలు మరగబెట్టే పొయ్యిలోకి పోయాయి. బాగా మండాయని వాచ్‌మన్ మెచ్చుకున్నాడు.

ఆ పొద్దుట

వానాకాలం. ఊడ్పులు అవుతున్నాయి. ఆ రోజు పొద్దున్న బెంచీ నిండా జనం. మాణిక్యమ్మగారికి మోకాలు. ఆ మోకాలి చరిత్రంతా మొదటి నుంచి చెబితే గానీ ఆవిడ లేవరు. ఒక సుబేదారుగారి భార్యకి చెవిలో గులిమి. ఒక హవల్దారుగారికి ముందురోజు పెళ్ళిలో తిన్న బూరెలు అరగలేదు. ఇంకొక హవల్దారుగారికి ఏమీ లేదు, హవల్దారు కాబట్టి వచ్చారు. నేను గోడకి ఇవతల కూర్చుని ఒక్కొక్కరినే చూసుకుంటూ వస్తున్నాను. గోడకి అవతల ఏం జరిగిందో వెంకాయమ్మ తర్వాత చెప్పింది.

సత్తియ్యకి రాత్రే నొప్పి పట్టింది. తెల్లవారగానే కూతురి భుజం పట్టుకుని నడిచి వచ్చి, తన చోట, కిటికీ పక్కన కూర్చున్నాడు. అప్పటికి ఆసుపత్రి తలుపులు కూడా తియ్యలేదు. వచ్చిన లెక్కన చూస్తే అతనే అందరికంటే ముందు.

"నాన్నా, లే. లోపలికెల్దాం" అందట కూతురు.

"ఆగవే. పెద్దోళ్ళున్నారు."

"కక్కులొత్తన్నాయి కదా నీకు!"

"కిటికీలోంచి కాలవలోకి కక్కేన్లే. ఎవరికీ తగల్లేదు."

వెంకాయమ్మ ఆగలేక అప్పారావు దగ్గరికి వెళ్ళింది. "బాబూ, మా నాన్నకి బాగోలేదండి. డాక్టరుగారితో ఓ మాట సెప్పండి" అంది. "వత్తాదమ్మా మీ వంతు. బెంచీ కదుల్తానే ఉందిగా" అన్నాడు అప్పారావు. అతను చెడ్డవాడేం కాదు. ముందు హవల్దారుగారు ఉన్నారు, అంతే. ఆ మాటకి ముందున్న హవల్దారుగారు వెనక్కి తిరిగి కూడా చూశారట. చూసి, తన వంతు రాగానే లోపలికి వచ్చి, బూరెల్లో నెయ్యి ఎక్కువైందని నాకు చెప్పారు.

సత్తియ్య వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. నడవలేకపోయాడు, అప్పారావూ వెంకాయమ్మా చెరోపక్కా పట్టుకుని తీసుకొచ్చారు. బల్ల మీద పడుకోబెట్టి పట్టీ విప్పాను. రాయిలా గట్టిపడిపోయింది, చర్మం నిగనిగలాడుతోంది. వేలు తగిలితే ఓర్చుకోలేకపోతున్నాడు. పేగు ఇరుక్కుని రక్తం ఆడటం లేదు. నా దగ్గర కత్తి లేదు, మత్తు లేదు.

"నేనేం చెప్పాను సత్తియ్యా నీకు?"

"తమరు సెప్పేరండి" అన్నాడు. సంజాయిషీలో అంత చిన్న వాక్యం నేనెప్పుడూ రాయలేకపోయాను.

ఊళ్ళో ఉన్న వ్యాను సంఘానిదే. చెప్పులు కూడా వేసుకోకుండా కెప్టెన్‌గారింటికి పరిగెత్తాను. ఈ ఒక్క విషయంలో ఆయన్ని తప్పుపట్టను. ఎవరికి, ఏ ర్యాంకు అని అడగలేదు. విస్తట్లోనే చెయ్యి కడుక్కుని లేచి, తాళాలు తీసుకుని, తనే స్టీరింగు ముందు కూర్చున్నారు. నేను పక్కన. వెనక సీటులో కూతురి ఒళ్ళో తల పెట్టుకుని సత్తియ్య. రాజమండ్రి పెద్దాసుపత్రికి బయల్దేరాం.

ఊరి పొలిమేర దాటాక కెప్టెన్‌గారు ఉండబట్టలేక వెనక్కి తిరిగారు.

"ఒరేయ్ సత్తియ్యా, పొద్దున్నే చెప్పి చావొచ్చు కదరా!"

"తమరి అమ్మగారికి మోకాలండి సార్" అన్నాడు సత్తియ్య.

కెప్టెన్‌గారు ముందుకి తిరిగి, కొవ్వూరు దాకా హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

గోదావరి వంతెన ఎక్కాక సత్తియ్యకి మాట తడబడింది. బండి కుదుపుకో, ఇంకెందుకో, కొండల్లో ఉన్నాననుకున్నాడు. "ఆ పక్కనెవరూ లేరు. ఒంటేపుకి లాగేత్తంది. రాళ్ళు కట్టండర్రా, రాళ్ళు కట్టండి" అని అంటూనే ఉన్నాడు. కెప్టెన్‌గారు బండి నెమ్మది చేశారు. నేను సీటు దాటి వెనక్కి వెళ్ళి, అతని రెండో పక్కన కూర్చున్నాను. నా బరువు సరిపోయిందేమో, ఆ మాట మానేశాడు.

ఆపరేషన్ వెంటనే చేశారు. చేసిన సర్జన్ బయటికి వచ్చి, పేగు నల్లబడిపోయింది, పొద్దున్నే తెచ్చి ఉంటే వేరుగా ఉండేది అన్నాడు. పొద్దున్నే తెచ్చామండీ, బెంచీ దాకా తెచ్చాం అందామనుకున్నాను. మర్నాడు సత్తియ్య పోయాడు.

ఉపన్యాసం

ఆ ఊళ్ళో మిలటరీ మనిషి పోతే సంఘం భవనం ముందు పాడె దించి, వరసగా నిలబడి, బ్యూగుల్ ఊదే ఆచారం ఉంది. అయితే అది తుపాకీ పట్టినవాళ్ళకే. సత్తియ్యకి ఊదాలా వద్దా అని కమిటీ కూర్చుంది. కూర్చుని, మనసు పెద్దది చేసుకుని, ఈ ఒక్కసారికి ఊదమంది. బ్యూగుల్ ఊదే పెద్దాయనకి ముందుపళ్ళు లేవు. ఊదుతుంటే మధ్యలో గాలి పక్కకి పోయి దూడ అరిచినట్టు వచ్చింది. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే వరసలో ర్యాంకు ప్రకారం నిలబడి ఉన్నారు.

అప్పుడు కెప్టెన్‌గారు ముందుకి వచ్చి మాట్లాడారు. వ్యానులో నోరు మూతపడ్డ మనిషి కదా, ఏదైనా మంచి మాట అంటారేమోనని నేను కొంచెం ఆశపడ్డాను. ఆశపడటం నా వృత్తిలో నేను చేసిన పొరపాట్లలో ఒకటి.

"సత్తియ్య చదువుకున్నవాడు కాదు. తుపాకీ పట్టినవాడూ కాదు. కానీ ప్రాణం పోతున్నా లైను తప్పలేదు. అదీ మిలటరీ అంటే! అదీ క్రమశిక్షణంటే! ఈ కాలం కుర్రాళ్ళు అతన్ని చూసి నేర్చుకోవాలి."

జనం చప్పట్లు కొట్టబోయి, ఎదురుగా పాడె ఉందని గుర్తొచ్చి ఆగిపోయారు. కొన్ని చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

వెంకాయమ్మ పాడె పక్కన నేల మీద కూర్చుని ఉంది. తల ఎత్తకుండానే అంది.

"లైను తప్పుంటే బతికేవోడండి బాబూ. ఇప్పుడు మెచ్చుకోలెందుకండి. అప్పుడు ముందుకి పిలవాల్సిందండి."

గట్టిగా కూడా అనలేదు. అయినా వరస మొత్తానికి వినపడింది. కెప్టెన్‌గారు కర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. బూరెల హవల్దారుగారు తన బూట్లు చూసుకున్నారు. ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. బ్యూగుల్ పెద్దాయనకి కూడా తోచక, ఇంకోసారి ఊదేశాడు.

ఖాళీ చోటు

ఇక్కడ నా ప్రమేయం లేకుండా ఒకటి జరిగింది. నేను మెమోలతో, సంజాయిషీలతో, చెక్కబిళ్ళలతో చెయ్యలేకపోయిన పని, సత్తియ్య లేకపోవడంతోనే మొదలైంది.

మర్నాడు పొద్దున్న బెంచీ మీద ఆ చివర ఖాళీగా ఉంది. కిటికీ పక్కన ఎవరూ కూర్చోలేదు. సత్తియ్య పోయాడు కాబట్టి ఇప్పుడు ఆఖరు ఎవరు? పద్ధతి ప్రకారం, పటాలంలో వంట చేసిన వీరన్న.

"వీరన్నగారూ, కొంచెం ఆ సివరకి జరగండి" అన్నాడు అప్పారావు.

"నేనా? నా అన్నం తిన్నాకే కదయ్యా మీ కెప్టెన్లు యుద్ధం చేసింది! నేను ఆఖరేంటి? ఆ గంగయ్యని జరగమను. ఆడు బూట్లు కుట్టినోడు."

"నా బూట్లు లేపోతే మీ పటాలం గేటు దాటేదేంటి?" అన్నాడు గంగయ్య. "నువ్వొండిన అన్నానికి సగం పటాలం ఆసుపత్రిలోనే ఉండేది."

అప్పారావు ఇద్దర్నీ వదిలి, కొత్తగా చేరిన ఒక సిపాయి తల్లి వైపు చూశాడు.

"మావోడు తుపాకీ పట్టేడండి" అందావిడ ముందే. "నన్ను గాడిదలోడి సోట్లో కూకోమంటారేంటండి?"

వీరన్న లేచి నిలబడ్డాడు. గంగయ్య కూడా లేచాడు. వాళ్ళు లేస్తే తను ఆఖరవుతాననుకుని సిపాయి తల్లి కూడా లేచింది. ఆమె పక్కావిడ కూడా. చూస్తుండగానే సగం బెంచీ ఖాళీ అయి, వరండా నిండా జనం నిలబడ్డారు. సంఘం సమావేశం పెట్టి ఆఖరెవరో తీర్మానం చేద్దామనుకుంది. ఆ సమావేశంలో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న దగ్గరే గొడవొచ్చి, కుర్చీలు విరిగాయి. కట్లు నేనే కట్టాను. దెబ్బ తీవ్రతని బట్టి కట్టాను, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

అన్నాళ్ళూ ఆ నిచ్చెన మీద ఎవరి మెట్టు వాళ్ళది భద్రంగా ఉందంటే, కింద ఒక మనిషి నవ్వుతూ కూర్చోవడానికి ఒప్పుకున్నాడు కాబట్టి. అతనికి ఆ చోటు ఇచ్చామని వాళ్ళనుకున్నారు. అతనే వాళ్ళందరికీ తలో చోటూ ఇచ్చాడని ఎవరికీ తట్టలేదు.

ఒకరోజు సాయంత్రం వీరన్న వచ్చాడు. కూలివాళ్ళ మధ్య తలగుడ్డ సర్దుకుంటూ, కొంచెం సిగ్గుగా, "ఆఖరెవరండీ?" అన్నాడు. ఎవరో చెయ్యెత్తారు. కూర్చున్నాడు. అది సత్తియ్య చోటు కాదు, సాయంత్రం ఆఖరు మాత్రమే. కాసేపట్లో ఇంకొకరు వచ్చి అతని పక్కన కూర్చున్నారు, అతను ఆఖరు కాకుండా పోయాడు. ఆ సుఖం అతనికి నచ్చింది. మర్నాడు గంగయ్య వచ్చాడు. తర్వాత సిపాయిల ఇళ్ళవాళ్ళు, ఆ తర్వాత హవల్దార్లు. రైతు పంట మార్చినట్టు ఊరు పొద్దుటి నుంచి సాయంత్రానికి మారిపోయింది. పొద్దున్న అప్పారావు గుమ్మంలో నిలబడి, "సుబేదారుగారి అమ్మగారండి" అని పిలిస్తే కాలవలోంచి బాతులు పలికేవి.

బల్లని కూడా వరండాలోకి జరిపించాను. మంజూరు రాలేదు. ఇప్పటికీ రాలేదు. మరొక సంగతి కూడా రాసేస్తాను, లేకపోతే నిద్రపట్టదు. తర్వాత కొన్నేళ్ళకి, రోగులను వచ్చిన వరసలో చూసే మంచి పద్ధతిని ప్రవేశపెట్టినందుకు వేరే చోట పనిచేసే ఒక డాక్టరుని పొగుడుతూ మా పైవాళ్ళు అందరికీ కాగితం పంపారు. ఆ డాక్టరు, నా తర్వాత ఆ ఊళ్ళో కొన్నాళ్ళు పనిచేసి బదిలీ అయినవాడు. దాని మీద నేను రాసిన ఉత్తరానికి జవాబు రావాల్సి ఉంది.

ఒక సాయంత్రం మాణిక్యమ్మగారు వచ్చారు. కొడుకు రాలేదు, ఒక్కరే కర్ర పట్టుకుని మెట్లెక్కారు. వరండా నిండుగా ఉంది. ఎవరూ లేచి చోటివ్వలేదు, ఎవరూ నవ్వలేదు కూడా. అందరూ ఆవిడ ఏం చేస్తారా అని చూస్తున్నారు. నేను కూడా బల్ల దగ్గర్నుంచి చూస్తున్నాను, ఇప్పుడు కనపడుతుంది కదా. ఆవిడ కాసేపు నిలబడి, గొంతు సవరించుకుని, "ఆఖరెవరర్రా?" అన్నారు.

"నేనేనండి" అని ఒక బండి తోలే అతను చెయ్యెత్తాడు.

ఆవిడ బెంచీ పొడుగునా నడిచి, అతని పక్కన, ఆ చివర కూర్చున్నారు. కిటికీలోంచి కాలవ గాలి కొట్టింది. పమిట సర్దుకుని, అటు తిరిగి, కాసేపు కళ్ళు మూసుకున్నారు.

"ఇక్కడ గాలి బాగుందే" అన్నారు. "ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేంటి?"

బండి అతను నా వైపు చూశాడు. ముందున్నవాళ్ళని ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చాను. ఆవిడ వంతు వచ్చేదాకా పిలవలేదు, అంతే.